వేలంలో కొన్న దీవెన

పోయిన వారం సోనిని మనం దబ్బలపాడు కొండెక్కే జీపు వెనక, కమ్మీ పట్టుకుని వేలాడుతుండగా వదిలేశాం. వారం పాటు వేలాడదీసినందుకు ఆమె ఏమీ అనుకోదు. వర్షాలు మొదలైన దగ్గర్నుంచీ ఆమె బతుకే అలా ఉంది.

కొత్తగా చదివేవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. అరకు లోయ పైన నిమ్మలగుడలో సోనికి చిన్న కాఫీ తోట ఉంది. మొగుడు ధనుంజయ్ జ్వరంతో పోయాక ఆ తోటనే పట్టుకుని నిలబడింది. ఈ ఏడు ఆ తోటకి కాయ తొలిచే పురుగు పడింది. ఆవగింజంత కూడా ఉండని నల్ల పురుగు. కాయకి సూదిమొనంత బెజ్జం పెట్టి లోపలికి దూరుతుంది, గింజని గుల్ల చేసి అక్కడే పిల్లల్ని పెడుతుంది. అది పడిన తోటలో చెట్టు మీద ఒక్క కాయ మిగలకూడదు. అన్నీ దూసి, మరిగే నీళ్ళలో ముంచి, గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చాలి. సోని తోటకి అలాగే చేశారు. ఏడాది కష్టం ఒక్క పూటలో మట్టిపాలైంది. తోట ఉత్తదైపోయాక కూలికి పోక తప్పదు కదా, ఊరూరా తిరిగి అలాంటి కాయలు దూసే ముఠాలోనే ఆమె చేరింది. ఈ శనివారం దూయాల్సిన తోట ఎవరిదో ఆమెకి నిన్న సాయంత్రం గానీ తెలియలేదు. అది దబ్బలపాడులో ఉన్న సొంత తమ్ముడు ఫల్గుణ తోట. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు పెద్దలు.

జీపు దిగేసరికి మంచు ఇంకా మిరియాల తీగల మీదే ఉంది. ఆడవాళ్ళు అంబలి సీసాలు చెట్టు మొదట్లో పెట్టి, చీరలు ఎగ్గట్టుకుని, ఒకచోట చేరి నిలబడ్డారు.

ముఠాలో ఒక అలవాటుంది. పనిలోకి దిగేముందు సోని చిన్న ప్రార్థన చేసి ఒక మాట చెబుతుంది. ఆదరణ మాట అంటారు దాన్ని. చర్చిలో పాస్టరుగారు చెప్పే ప్రసంగం లాంటిది కాదు. చేతిలో ఉన్న పనిలోంచే ఆమె ఆ మాట తీస్తుంది. కిందటేడు బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున సోని ఆమెని సిల్వర్ ఓక్ చెట్టు కింద నిలబెట్టి, “కాఫీ సెట్టుని ఎండలో పెంచితే బేగి కాస్తాది, బేగి సస్తాది. అందుకే మనం నీడ సెట్టు ముందు ఏసి, తరవాత దీన్ని ఏస్తాం. దేవుడు కూడా నీ నీడని నీకన్న ముందే నాటి ఉంచాడమ్మా” అంది. ఆ తల్లి ఆ రోజు ఏడుస్తూనే బుట్ట నింపింది. ముఠాలో సగంమంది కొండదేవతకి మొక్కేవాళ్ళే. వాళ్ళు కూడా ఆ మాట కోసం ఆగేవాళ్ళు. మంచి మాట ఏ దేవుడి తరఫున వచ్చినా చేదుగా ఉండదు.

తన తోట పూడ్చిన రోజు నుంచి సోనికి ఆ మాటలు రావడం మానేశాయి. పాతవాటినే తిప్పి తిప్పి చెబుతోంది. నిన్నటి అంబలిలో నీళ్ళు కలిపినట్టు తనకే చప్పగా ఉంటోంది.

“సోనీ, మాట సెప్పు. మంచు ఇడిపోతంది, పనిలోకి దిగాల,” అంది యర్రమ్మ. ముఠాలో అందరికన్నా పెద్దది, చర్చిలో ముందు వరసలో కూచునేది. సోనికి వరసకి పిన్ని.

“ఇయాల నా కాడ మాటేటీ లేదు పిన్నీ.”

“నీ కాడ లేకపోతే ఇంకెవుల కాడుంటాది?”

“ఎవుల కాడా లేదేమో,” అంది సోని.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సోని నోట అలాంటి మాట వాళ్ళు ఎప్పుడూ వినలేదు. యర్రమ్మ మాత్రం కళ్ళు మూసుకుని, తనకి వచ్చినట్టు తనే ప్రార్థన చేసింది. “ఏసయ్యా, ఈ ఆడగుంట మాట ఎక్కడో పడిపోనాది. నువ్వు ఎతికి ఇయ్యి. అందాక మా సేతులకి సత్తువియ్యి. ఆమెన్.”

అంతే, పని మొదలైంది.

సోని తోట దూసినప్పుడు కాయలు చాలావరకు పచ్చివి. ఫల్గుణ తోటలో అలా కాదు. మరో వారంలో మొదటి కోత పెట్టుకోవాల్సిన తోట అది. కొమ్మ కొమ్మకీ ఎర్రగా నిగనిగలాడుతూ పళ్ళు. పచ్చికాయని దూస్తే చెట్టుకి నొప్పి, పండిన పంటని దూస్తే మనిషికి నొప్పి. చెట్ల కింద పరిచిన టార్పాలిన్ల మీద అవి టపటపా రాలుతున్నాయి. ఫల్గుణ ఆ టార్పాలిన్లు ఒక్కొక్కటీ ఈడ్చుకుంటూ కింద మరుగుతున్న పీపాల దగ్గరికి తీసుకెళుతున్నాడు. అక్కని చూసి తల ఊపాడు గానీ దగ్గరికి రాలేదు. వారంలో సగం చిక్కిపోయాడు.

ఫల్గుణ భయం పంట గురించి మాత్రమే అయితే సోనికి ఇంత బెంగ ఉండేది కాదు. అతని పెళ్ళాం నిర్మల ఆ ఊరి పూజారి సోంబరు కూతురు. ఫల్గుణ మూడేళ్ళుగా అక్క వెంట చర్చికి వస్తూ పోతూ ఉన్నాడు. ఈ క్రిస్మస్‌కి బాప్తిస్మం తీసుకుంటానని అన్నాడు కూడా. మొన్న కొత్త పంట పండక్కి ఊరందరూ కొండదేవతకి కోడిపిల్లని పంపితే అతను పంపలేదు. ఆ తరవాత నెల తిరక్కుండా ఊర్లో అతని తోట ఒక్కదానికే పురుగు పడింది. ఇక చెప్పేదేముంది. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు? మధ్యాహ్నం అంబలి వేళకి పెద్దలంతా పీపాల దగ్గరికి వస్తారని, అక్కడ సోంబరు ఏదో ఒకటి తేల్చేస్తాడని పొద్దున్నే కబురొచ్చింది. తేల్చడమంటే నిర్మలనీ ఇద్దరు పిల్లల్నీ పుట్టింటికి తీసుకుపోవడమేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

కాఫీ తోటలు తనిఖీ చేసే ఫీల్డు అసిస్టెంటు రవిబాబు పార్వతీపురం కుర్రాడు. ఈ కొండల్లో మూడో ఏడు పని చేస్తున్నాడు. తోటంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, గుప్పెట్లో కాయల్ని సోనికి చూపించాడు.

“చూడండి సోనమ్మగారూ, నాకు అంతు పట్టడం లేదు. పక్క తోట నుంచి ఎగిరి వచ్చే పురుగు ఒక వైపు నుంచి వస్తుంది. ఇక్కడ నాలుగు మూలలా గట్టిగా ఉంది, నడుమ పలచగా ఉంది. నాలుగు దిక్కుల నుంచీ మాట్లాడుకుని వచ్చినట్టు. బయటి నుంచి కాయలేమైనా తెచ్చావా అని మీ తమ్ముణ్ణి అడిగాను. ఏవీ తేలేదన్నాడు.”

“మా వోడు అబద్ధమాడడు బాబూ,” అంది సోని.

అన్నది గానీ, ఆ నాలుగు మూలల మాట ఆమెని వదల్లేదు. ఎందుకో వెంటనే తెలియలేదు. చేతిలో కొమ్మ వదిలేసి తోట పై మూలకి నడిచింది. అక్కడ చెట్లు మరీ ఘోరంగా ఉన్నాయి. ఏ పండు చూసినా బెజ్జమే. ఫల్గుణ ఖాళీ టార్పాలిన్ భుజాన వేసుకుని అక్కడికే ఎక్కి వచ్చాడు.

“తమ్ముడా, ఈ మూలల్లో ఏటి ఏసినావు?”

“ఏటి ఏత్తానప్పా? పేడెరువు ఏసినాను, అందరూ ఏసిందే.” అక్కని అతను అప్పా అనే పిలుస్తాడు.

“అదొక్కటేనా?”

ఫల్గుణ కాస్త తటపటాయించాడు. తరవాత, చిన్నప్పుడు దొంగతనంగా తిన్న బెల్లం సంగతి అక్కకి చెప్పుకున్న గొంతుతో చెప్పాడు. “నీ పళ్ళే అప్పా. చర్చి కోత పండగ నాడు ఏలంలో పాడుకున్నాను సూడు, నువ్వు దేవుడికిచ్చిన పళ్ళు. ఇటుకల పండక్కి మా మావ దేవత కాడ పెట్టిన ఇత్తనం ఇంటికి పిడికెడు పంచుతాడు కదా, మనం మన ఇత్తనంలో కలుపుకుంటాం. తాతల నాటి నుంచీ సేత్తన్నదే. దేవుడు మారినా పద్ధతి అదేననుకున్నాను. నాలుగు మూలలా నాలుగు గుప్పిళ్ళు సల్లి, ఏసయ్యా, ఈ తోట నీదే అన్నాను.”

సోని పక్కనున్న సిల్వర్ ఓక్‌ని పట్టుకుంది.

ఆ పళ్ళ సంగతి ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తోటకి పురుగు పడిందని ఇంకా తెలియక ముందు, ముందుగా పండిన చెట్లు చూసి ఆమె మొక్కుకుంది. నా చేత్తో పెంచిన తోటలో మొదటి బుట్ట నీదే ప్రభువా అని. ఆ పళ్ళు ఏరి, ఇంట్లో చాప మీద ఎండబెట్టింది. తరవాత తోట దూసిన రోజున ఇదే రవిబాబు వాకిట్లో నిలబడి ఇంట్లో కాయలేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవు బాబూ అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మనసులో మచ్చ లేదు. తన కాయలు తన దగ్గర లేవు. చాప మీద ఉన్నవి దేవుడివి. దేవుడికి ఇచ్చేసినవాటిని గోతిలో వేసి సున్నం చల్లడానికి ఆమె ఎవరు? దేవుడి సొత్తుని పురుగు ముట్టదని కూడా అనుకుంది. అదే నమ్మకంతో బుట్ట నెత్తిన పెట్టుకుని చర్చికి పోయింది. అక్కడ పాటలు పాడి ఆ బుట్టని దీవించారు, పండగ పద్ధతి ప్రకారం వేలం వేశారు. తమ్ముడు చేయెత్తి వేలం పాడుతుంటే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ తడి చేతులతోనే, చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందు వంట దగ్గరికి పరిగెత్తింది.

రవిబాబు అడిగితే అక్క లేవంది. రవిబాబు అడిగితే తమ్ముడు తేలేదన్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఇద్దరూ దేవుడి పళ్ళని కాయల లెక్కలో వేయలేదు, అంతే.

“ఒక్క మాట అడుగుతానప్పా,” అన్నాడు ఫల్గుణ. “దీవెన సల్లిన మూలల్లోనే ఎక్కువ పడింది. నా నమ్మకం సాల్లేదంటావా? కోడిపిల్లని పంపకపోయినా లోపల భయమేసింది, నిజమే. ఆ భయం సూసి ఏసయ్య సెయ్యి తీసేసాడంటావా?”

ఆమె ఎన్ని పొద్దులు ఎంతమందికి ఎన్ని మాటలు చెప్పింది. ఇప్పుడు తమ్ముడు అడిగిన దానికి ఒక్కటీ దొరకలేదు. ఉన్నదల్లా నిజం ఒక్కటే. అది ఆదరణ మాట కాదు.

“నీ నమ్మకానికేటీ కాలేదురా. పురుగు ఆ పళ్ళలోనే ఉంది. నా తోటది. నాను దాసినాను. నువ్వు సల్లింది దాన్నే.”

ఫల్గుణ టార్పాలిన్ కింద పడేసి, దాని మీదే కూలబడ్డాడు. చాలాసేపు చెట్ల వైపు చూశాడు. ఆమె మీద అరిచినా బాగుండేది. కొట్టినా సోనికి హాయిగా ఉండేది.

“ఎవులికీ సెప్పకప్పా,” అన్నాడు చివరికి.

“సెప్పకపోతే నీ మావ ఏటి సేత్తాడో తెలుసు కదా.”

“సెప్తే మాత్రం? దేవత కోపం కాదు, చర్చి వోల్లే పురుగు తెచ్చి మనకి అంటించారంటాడు. అది నిజం కూడా. అప్పుడు నిర్మల నాతో ఉంటాదేటి? నీ మాట కోసం పొద్దున్నే లేచొచ్చే ఆడోల్లున్నారు. రేపట్నుంచి వోల్లు నీ మొగం సూత్తారా? నానొక్కణ్ణే మునుగుతాను. నువ్వుండు.”

కింద నుంచి నిర్మల మొగుణ్ణి కేకేసింది. పెద్దలు వచ్చేశారు.

పీపాల దగ్గర ఆవిరి కమ్ముకుని ఉంది. ఉడుకుతున్న పళ్ళ వాసన తియ్యగా ఉంటుంది, అదొక పాపం. సోంబరు ఒక రాయి మీద కూచున్నాడు. చుట్టూ ఊరి పెద్దలు నిలబడ్డారు. దూసే ఆడవాళ్ళు అంబలి సీసాలు చేత పట్టుకుని ఒక పక్కకి చేరారు. నిర్మల చిన్నదాన్ని చంకనెత్తుకుని పీపా అవతల నిలబడింది. ఆమె ఎవరి వైపు ఉందో ఆ నిలబడ్డ చోటుని బట్టి చెప్పడం కష్టం.

సోంబరు గొంతు పెంచే మనిషి కాదు. “అల్లుడా, ఊర్లో తోటలన్నీ బాగున్నాయి. నీదొక్కటే పీపాలో ఉడుకుతంది. దేవత పంపిందని నాను అనను. నాకామె సెవిలో సెప్పలేదు. ఊరోల్లు అంటన్నారు. నువ్వు నోరిప్పకపోతే వోల్ల మాటే మిగుల్తాది. ఏటి జరిగిందో సెప్పు.”

“సంతలో పాత గోనెలు కొన్నాను మావా,” అన్నాడు ఫల్గుణ నేల చూస్తూ. “వాటిలో వొచ్చుంటాది.”

“సంత గోనెలు నాలుగు మూలలకీ నడిసెల్లి కూచున్నాయేటి?”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఫల్గుణకి అబద్ధం చేతకాదు, ఉన్న ఒక్కటీ మొదటి మెట్టు మీదే జారిపడింది.

“సరే. నా కూతుర్నీ పిల్లల్నీ నా ఇంటికి తీసికెల్తాను. నీ మీద కోపం కాదు. ఊరి నోట్లో నానుతున్న ఇంట్లో పిల్లలుండకూడదు. నిజం సెప్పిన నాడు నువ్వే వొచ్చి తీసుకో,” అని సోంబరు లేచాడు.

ఫల్గుణ అక్క వైపు చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నోరు మూసుకుంటే తమ్ముడి ఇల్లు పోతుంది, నోరు తెరిస్తే అదీ పోతుంది, దాంతోపాటు తను కూడా పోతుంది. అయినా తమ్ముడు మోస్తున్నది తమ్ముడిది కాదు. ఆ ఒక్కటీ సోనికి స్పష్టంగా తెలిసింది. ధైర్యం వచ్చి కాదు, ఇక నిలబడలేక ఆమె మాట్లాడింది.

“మావా, ఆగు. సంత గోనె కాదు. నా బుట్ట.”

చాప మీద ఎండబెట్టిన దగ్గర్నుంచీ మొత్తం చెప్పింది. మొక్కు, దాచడం, వేలం, నాలుగు గుప్పిళ్ళు. ఏదీ తగ్గించలేదు. చెప్పేటప్పుడు పీపాలోకి చూస్తూ చెప్పింది. యర్రమ్మ మధ్యలో ఒకసారి “ఓలమ్మా” అంది. ఆ తరవాత అంబలి సీసాని రెండు చేతులా పట్టుకుంది.

సోంబరు మళ్ళీ రాయి మీద కూచున్నాడు. “సోనీ, ఇటుకల పండక్కి నాను పంచే ఇత్తనం ఎలా పంచుతానో తెలుసా? దేవత కాడ పెట్టే ముందు నా ముసిల్ది సేటలో పోసి ఒక్కొక్క గింజా సూత్తాది. పుచ్చుంటే తీసి పారేత్తాది. దేవతది కదా, పుచ్చుండదులే అని ఎప్పుడూ అనుకోలేదు. ఊరంతటికీ ఎల్లేది కదా అని ఇంకా ఎక్కువ సూత్తాది. నువ్వెందుకు సూల్లేదమ్మా?”

తిట్టినా ఇంత తగిలేది కాదు. సోని అందరి ముందూ ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఇతరుల కన్నీళ్ళు తుడిచిన మనిషి ఏడుస్తుంటే ముఠాలో ఒక్కరూ ముందుకి రాలేదు. కొందరు తల తిప్పుకున్నారు. పైనున్న దేవుడు వింటున్నాడో లేదో ఆమెకి ఆ క్షణాన తెలియలేదు. విని ఊరుకుంటున్నాడేమో అన్న ఆలోచన ఇంకా భయంకరంగా ఉంది.

నిర్మల చంకలో పిల్లని సర్దుకుంది. “వదినా,” అంది మెల్లగా. “వారం నుంచీ ఈయన తిండి తినడం లేదు. నా నమ్మకం సాల్లేదు, నా నమ్మకం సాల్లేదు అని ఒకటే గొణుగుడు. నీ దేవుడి సంగతి నాకు తెలీదు. నువ్వు ముందే సెప్పుంటే ఈ మడిసి వారం రోజులు సుకంగా తినేవోడు.” అని పీపా ఇవతలికి వచ్చి మొగుడి పక్కన నిలబడింది. తండ్రి ఇంటికి నడవలేదు, అక్కని క్షమించానని అనలేదు. ఆ పూటకి అదే మిగిలింది, మనం కూడా దానికి మించి ఆశ పెట్టుకోవద్దు.

పీపాల పక్కనున్న రవిబాబు ముందుకి వచ్చాడు. “సోనమ్మగారూ, ఒక్కటి చెప్పండి. ఆ బుట్ట మొత్తం మీ తమ్ముడే కొన్నాడా?”

సోని ఫల్గుణ వైపు చూసింది. అతను కాదన్నాడు. “సగమే బాబూ. ఇద్దరికి దీవెన దక్కుతాదని పాస్టరుగారు బుట్టని రెండు సగాలు సేసి పాడించారు. రెండో సగం నాను సూల్లేదు, ఎలిపోయినాను.”

“ఎవరు పాడారు?”

పీపాలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి అంబలి సీసా కింద పడ్డ చప్పుడైంది. యర్రమ్మ చేతిలోంచి జారింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

“నానే,” అంది. “నా కూతురు మాదవి కోసం. జి.మాడుగుల అవతల ఇచ్చాం కదా దాన్ని. వోల్ల ఊర్లో కాఫీ ఏసి నాలుగేల్లయింది, ఈ ఏడే మొదటి కాపు. సోని సేతి పళ్ళు, మంచి జరుగుతాదని పంపినాను.”

“ఫోన్ చేయండమ్మా. ఇప్పుడే. ఆ పళ్ళు ఏం చేసిందో అడగండి,” అన్నాడు రవిబాబు.

ఆ కొండ మీద సిగ్నలు దొరికేది ఒక్క పై మూలలోనే. దీవెన చల్లిన మూల అది. యర్రమ్మని సోనే రెక్క పట్టుకుని ఎక్కించింది. వెనక ఫల్గుణ, రవిబాబు. ముసలామె వేళ్ళకి నంబరు దొరక్కపోతే సోని ఫోను తీసుకుని తనే నొక్కి, స్పీకరు పెట్టింది. అవతల చాలాసేపు మోగింది.

“అమ్మా,” అంది మాధవి. వెనక డప్పులు, ఆడవాళ్ళ నవ్వులు. “ఇప్పుడే నీకు సేద్దామనుకుంటన్నాను. రేపు ఆదివారం ఇక్కడ కోత పండగ. చుట్టుపక్కల కొండల మీదున్న చర్చిలన్నీ కలిపి ఒకే చోట పెట్టారు, రాజవొమ్మంగి పక్క నుంచి కూడా వత్తన్నారు.”

సోని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. “మాదవీ, నాను సోనప్పని. మీ యమ్మ పంపిన పళ్ళు ఏటి సేసినావు?”

“సోనప్పా, నువ్వా? నీ పళ్ళ సలవేనప్పా ఇదంతా. నానొక్కదాన్నే ఉంచుకోలేదు, ఊర్లో అందరికీ తలా గుప్పెడు పంచినాను, తోటల్లో సల్లుకున్నారు. మా తోటలు సూడాలి నువ్వు, ఎర్రగా ఇరగకాసినాయి. రేపు ఏలానికి మొదటి పళ్ళు మా ఊరివే. ఇందాకే బుట్టలు జీపెక్కించి పంపేసినాం.”

“ఎన్ని బుట్టలమ్మా?” అని అడిగింది సోని.

“ఎన్నేటప్పా,” అంది మాధవి నవ్వుతూ. “ఇంటికొకటి.”